అరిజోనా ఇళ్లలో తేళ్లు: యూవీ టార్చ్‌తో వెతికి పట్టడం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్, టూసాన్ నగరాల వైపు ఇంట్లో తేలు కనబడితే ముందు చూడాల్సింది ప్రహరీ గోడ. అక్కడి తేళ్లలో విషం ఎక్కువున్నది అరిజోనా బార్క్ తేలు. లేత గోధుమరంగు ఒళ్లు, సన్నటి డెక్కలు, తోకతో కలిపి 7-8 సెంటీమీటర్లు. ఇది గోడలెక్కుతుంది, రాయి అడుగున తలకిందులుగా అతుక్కుని ఉంటుంది. చెక్కో రాయో ఎత్తేటప్పుడు కిందికి వేళ్లు పోనివ్వకండి. తేలు ఉండేది నేల మీద కాదు, మీ వేళ్లు తగిలే వైపే.

యూవీ (అతినీలలోహిత) వెలుగు పడితే తేలు చీకట్లో మెరుస్తుంది, అందుకే యూవీ టార్చ్‌తో వెతకడం. టార్చ్ వెలుగు తరంగదైర్ఘ్యం 365 నానోమీటర్లున్నది కొనండి. 395ది చవక, పని చేస్తుంది కూడా. కానీ దాని ఊదా వెలుగులో కాస్త దూరంలో ఉన్న తేలు కలిసిపోతుంది. వెలుగు కళ్లలో పడనివ్వొద్దు.

మే నుంచి సెప్టెంబరు వరకు, రాత్రి వేడి 21 డిగ్రీలు దాటినప్పుడు, చీకటి పడ్డాక ఒకటి రెండు గంటలకు బయల్దేరండి. బూట్లు తప్పనిసరి. బయటి లైట్లు ఆర్పేసి, టార్చ్‌ను గోడకు ఏటవాలుగా పట్టి మెల్లగా నడవండి. దిమ్మెల మధ్య సందులు, తాటిజాతి చెట్ల మొదళ్లు, నీటి వాల్వుల పెట్టెలు వదలొద్దు. తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. నీలంగా, తెల్లగా మెరిసేది చాలాసార్లు నూలుపోగే! అప్పుడే కుబుసం విడిచిన తేలు సరిగా మెరవదు, కాబట్టి ఒక్క రాత్రితో గోడ ఖాళీ అనుకోకండి.

25-30 సెంటీమీటర్ల పటకారుతో తోక పట్టి గాజు సీసాలో వేయండి. శుభ్రమైన గాజును అది ఎక్కలేదు.

కుట్టిందా? సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ పెట్టి, 1-800-222-1222 పాయిజన్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. చిన్నపిల్లల్లో కళ్లు అటూ ఇటూ తిరగడం, చొంగ కారడం, ఒళ్లు ఎగిరిపడటం కనిపిస్తే ఆగకుండా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి.

మందు కొట్టడం కన్నా సందులు మూయడమే మేలు. తేలుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు చాలు. రాత్రి గదిలో దీపం వేసి బయట నుంచి చూడండి, తలుపు కింద వెలుగు కనిపిస్తే అక్కడ రబ్బరు పట్టీ బిగించాలి. ఇటుక గోడ అడుగున నీరు, తేమ పోవడానికి వదిలిన రంధ్రాలను మాత్రం సీలెంట్‌తో పూడ్చొద్దు, గోడలో తేమ నిలుస్తుంది. వాటికి సన్నటి స్టీలు జాలీ కూరితే సరిపోతుంది.