మీ సిటీ గ్యాంగ్ హింస తగ్గిస్తానంటే ఏం అడగాలి

అమెరికాలో ఓక్లాండ్, షికాగో, ఫిలడెల్ఫియా లాంటి ఊళ్ళలోనో వాటి చుట్టుపక్కలో ఇల్లు కొనుక్కున్నవాళ్ళు, గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో రాత్రి షిఫ్టులు చేసేవాళ్ళు మనవాళ్ళలో చాలామందే ఉన్నారు. కాల్పులు జరిగిన మర్నాడు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి మాత్రం రెండే మాటలు: పోలీసులు ఏం చేస్తున్నారు, ఆ ఏరియా వైపు వెళ్ళకండి. ఈలోగా సిటీ కౌన్సిల్లో ఓ ప్లాన్ పాసైపోతుంది, అందులో మన పన్ను డబ్బూ ఉంటుంది, అడిగేవాడు ఉండడు. ప్లాన్ చేతికొస్తే ఎక్కడ చూడాలో, ఏం అడగాలో చెప్తాను.

ముందు చూడాల్సింది, ఎవరికోసం రాశారన్నది. "రిస్కులో ఉన్న యువత" అని రాసి వదిలేస్తే అది మీ పక్కింటి స్కూలు పిల్లాడికీ వర్తిస్తుంది. ఓక్లాండ్ 2012లో సీజ్‌ఫైర్ అనే కాల్పులు తగ్గించే ప్రోగ్రాం మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ముందు ఒక్కో హత్య కేసూ తిరగేశారు. నాలుగు లక్షల జనాభాలో 0.3 శాతం మంది చుట్టూనే ఎక్కువ హత్యలు తిరుగుతున్నాయని తేలింది. టీనేజర్ల పనే అని ఊరంతా అనుకుంటుంటే, ఆ హత్యల్లో చిక్కుకున్నవాళ్ళ సగటు వయసు 30 దగ్గర ఉంది. అలాంటి ఊళ్ళో డబ్బంతా మిడిల్ స్కూల్ బాస్కెట్‌బాల్‌కి పెడితే పిల్లలు హాయిగా ఆడుకుంటారు, కాల్పులు మాత్రం అలాగే ఉంటాయి.

ఆ కొద్దిమంది ఎవరో తేల్చాలంటే పేర్ల లిస్టు ఉంటుంది, దాని గురించి ఇంకో ప్రశ్న కూడా అడగండి: పేరు ఎలా ఎక్కుతుంది, ఎలా తీస్తారు? కాలిఫోర్నియా గ్యాంగ్ డేటాబేస్‌ని 2016లో రాష్ట్ర ఆడిటర్ తనిఖీ చేస్తే, ఎక్కించిన నాటికి ఏడాది కూడా నిండని 42 మంది పేర్లు బయటపడ్డాయి. వాళ్ళలో 28 మంది "నేను గ్యాంగ్ సభ్యుణ్ణే" అని ఒప్పుకున్నట్టు కూడా రాసి ఉంది. పాలు తాగే పిల్లలు!

తర్వాత, ఆ కొద్దిమందితో సిటీ ఎలా మాట్లాడుతుంది? దీనికి పేరున్న పద్ధతి బోస్టన్‌లో 1996లో మొదలైన ఆపరేషన్ సీజ్‌ఫైర్. ప్రొబేషన్ మీదో పెరోల్ మీదో ఉన్నవాళ్ళని ఒక గదికి పిలుస్తారు, దీన్నే కాల్-ఇన్ అంటారు. ఎదురుగా పోలీసు అధికారి, ప్రాసిక్యూటర్, చర్చి పాస్టర్, కొన్నిచోట్ల కొడుకుని పోగొట్టుకున్న తల్లి, జైలు నుంచి వచ్చి మారిన మనిషి కూర్చుంటారు. పోలీసు మాట సూటిగా ఉంటుంది: మీ గ్రూపులో ఎవరు తుపాకీ పేల్చినా ఇకమీదట గ్రూపు మొత్తం మీద కన్నేస్తాం. పక్కనే ఇంకొకరు, ఉద్యోగం కావాలా, ఇల్లు మారాలా, ఇదిగో నా నంబరు అంటారు. బోస్టన్‌లో ఒకసారి పోస్టర్ చూపించారు: పాత నేర చరిత్ర ఉన్న ఒకతని దగ్గర ఒకే ఒక్క తూటా దొరికింది, ఫెడరల్ కోర్టు 19 ఏళ్ళకు పైగా శిక్ష వేసింది. బెదిరింపు, సాయం రెండూ ఒకే గదిలో ఉండటమే దీని కిటుకు. ఆ రోజుల్లో బోస్టన్‌లో యువకుల హత్యలు 63 శాతం తగ్గాయని హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. కాబట్టి మీ సిటీ ప్లాన్‌లో పోలీసు భాగానికి పేజీలకు పేజీలు ఉండి, సాయం భాగం "భాగస్వాములతో సమన్వయం" అని ఒక్క లైనులో ముగిసిందంటే అనుమానించండి.

ఇప్పుడు మనవాళ్ళకి మింగుడుపడనిది. ఓక్లాండ్ పక్కనే లక్ష జనాభా ఉన్న రిచ్‌మండ్‌లో 2009 ఒక్క ఏడాదిలోనే 40కి పైగా హత్యలు జరిగాయి. అక్కడి సిటీ 2007లోనే నైబర్‌హుడ్ సేఫ్టీ ఆఫీసు పెట్టింది, 2010 నుంచి దాని డైరెక్టర్ డెవోన్ బోగన్, తుపాకీ పట్టే అవకాశం ఎక్కువున్న కుర్రాళ్ళని ఫెలోలుగా తీసుకున్నాడు. అనుకున్న పనులు చేసుకుంటూ పోతే నెలకి 1,000 డాలర్ల దాకా, గరిష్ఠంగా 9 నెలలు స్టైపెండ్. దానికి ప్రైవేటు విరాళాలు వాడారు. ఈ కుర్రాళ్ళ వెంట తిరిగేది సిటీ ఉద్యోగులే, చాలామంది ఒకప్పుడు జైలు చూసినవాళ్ళే, విన్నది పోలీసులకి చేరవేయరు. ఊరు దాటించి ట్రిప్పులకీ తీసుకెళ్ళేవారు, కానీ ఒక షరతు: ఎదుటి గ్రూపువాడితో కలిసి వెళ్ళాలి. "నేరం చేసేవాడికి జీతమా?" అని కోపం రావడం సహజం. కాలిఫోర్నియా జైల్లో ఒక మనిషిని ఏడాది ఉంచడానికి లక్ష డాలర్లు దాటుతుంది, ఇక్కడ ఒక్కొక్కరికి స్టైపెండ్ ఎక్కువలో ఎక్కువ 9,000. నాకైతే ఇది దుబారాగా కనిపించట్లేదు.

ఆసుపత్రి సంగతి కూడా చూడండి. తూటా తగిలి బెడ్డు మీద ఉన్నవాడి దగ్గరికి, స్నేహితులు పగ తీర్చుకోవడానికి బయల్దేరకముందే ఔట్‌రీచ్ వర్కర్, అంటే వెళ్ళి మాట్లాడి గొడవ ఆపే మనిషి, చేరాలి. ఓక్లాండ్‌లో ఇది 1990ల నుంచీ ఉంది. మీ ఊళ్ళో ట్రామా సెంటర్‌తో (తీవ్ర గాయాలకి వైద్యం చేసే ఆసుపత్రితో) సిటీకి ఒప్పందం ఉందా?

అన్నిటికన్నా ముఖ్యమైంది, మనం అస్సలు అడగనిది: రెండో ఏడాది, ఐదో ఏడాది ఇది నడుస్తోందా? బోస్టన్‌లో 2000 తర్వాత పాత జట్టు చెదిరిపోయి ప్రోగ్రాం పక్కన పడింది, హత్యలు మళ్ళీ పెరిగాయి. ఓక్లాండ్‌లో 2012 నుంచి 2018కల్లా హత్యలు దాదాపు సగమయ్యాయి. ఆ తర్వాత కోవిడ్ వచ్చింది, కాల్-ఇన్‌లు తగ్గాయి, ప్రోగ్రాం సిబ్బందిని వేరే పనులకి మార్చారు, 2021లో హత్యలు మళ్ళీ 120 దాటాయి. సిటీ తన పద్ధతి నుంచి తానే పక్కకి జరిగిందని 2024 జనవరిలో వచ్చిన సమీక్ష చెప్పింది. తగ్గగానే పని అయిపోయిందనుకోవడం ఏ ఆఫీసుకైనా అలవాటే.

అంకెలు చూపిస్తే తొందరపడి చప్పట్లు కొట్టకండి. 2020లో అమెరికా అంతటా హత్యలు దాదాపు 30 శాతం పెరిగాయి, 2023, 2024ల్లో దేశమంతా తగ్గాయి. మీ మేయర్ "నా ప్లాన్ వల్లే" అంటే, పక్క సిటీలో ఎంత తగ్గిందో అడగండి.

ఇక వెళ్ళే పద్ధతి. కాలిఫోర్నియాలో మామూలు కౌన్సిల్ మీటింగు ఎజెండా కనీసం 72 గంటల ముందు పెట్టాలి, అందులో ప్లాన్ ఏ ఐటమో చూసుకుని పబ్లిక్ కామెంట్‌కి పేరు ఇవ్వండి. ఒకటి నుంచి మూడు నిమిషాలు ఇస్తారు, ఇంగ్లీషు యాస గురించి టెన్షన్ అక్కర్లేదు. మన వీధి, మన స్టోరు కథ మొదలుపెడితే టైం అయిపోతుంది, కాబట్టి ఒకే ప్రశ్న రాసుకెళ్ళండి: పోయిన మూడు నెలల్లో కాల్-ఇన్‌లు ఎన్ని పెట్టారు, ఎంతమంది వచ్చారు, వాళ్ళలో ఎంతమందిని వర్కర్ ఇప్పటికీ వారం వారం కలుస్తున్నారు? కౌన్సిల్ చాలాసార్లు అక్కడికక్కడ జవాబివ్వదు. ఇంటికొచ్చి అదే ప్రశ్నకి సంబంధించిన రికార్డులు కావాలని సిటీ క్లర్కుకి మెయిల్ పెట్టండి, ఇస్తామో ఇవ్వమో 10 రోజుల్లో చెప్పాలని కాలిఫోర్నియా చట్టంలో ఉంది, మరీ అవసరమైతే సిటీ ఇంకో 14 రోజులు తీసుకోవచ్చు.