అమెరికా పిల్లల్ని ఇండియాలో బోర్డింగ్ స్కూల్‌కు పంపాలంటే: తిరుగు దారి నుంచి మొదలుపెట్టండి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న పిల్లల్ని కొన్నేళ్లు ఇండియాలో చదివించాలని చాలామంది తెలుగు తల్లిదండ్రులకు ఉంటుంది. తెలుగు పట్టుబడాలని కొందరు, తాతయ్య నానమ్మలకు దగ్గరగా ఉంటారని కొందరు, లెక్కలు గట్టిపడతాయని కొందరు అనుకుంటారు. ఎవరి కారణం వాళ్లది, కానీ పని మొదలుపెట్టే తీరు మాత్రం అందరిదీ ఒకటే: ముందు స్కూల్ వెతుకుతారు. ముందు తేల్చుకోవాల్సింది అది కాదు. పద్దెనిమిదేళ్లకు మీ అమ్మాయి, అబ్బాయి ఏ దేశంలో కాలేజీలో చేరాలి? అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. ఏ బోర్డు, ఏ స్కూల్, ఏ వయసులో పంపాలి అనే మూడింటికీ జవాబు దొరుకుతుంది.

ఒక్క కారణంతో మాత్రం పంపకండి. "ఇక్కడ సావాసాలు పాడయ్యాయి, అక్కడ హాస్టల్లో పడేస్తే దారికొస్తాడు" అనే కారణంతో పదిహేనేళ్లవాణ్ని విమానం ఎక్కిస్తే, తనను ఇంట్లోంచి వెళ్లగొట్టారనే వాడు అనుకుంటాడు. ఒక వార్డెన్ చేతిలో పాతిక ముప్పై మంది పిల్లలుంటారు. దిగులు, నిద్రలేమి, తిండి మానేయడం లాంటివి ఉన్న పిల్లలకు అక్కడ ఇంట్లో అందేంత శ్రద్ధ అందదు. ముందు చికిత్స, ఆ తరవాతే స్కూల్ మాట.

వయసు, బోర్డు

అమెరికా హైస్కూల్లో తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల క్రెడిట్లు లెక్క. అందుకే తిరిగి తీసుకురావడానికి రెండే మంచి సమయాలు: ఎనిమిదో తరగతి అయ్యాక, లేదా పన్నెండు పూర్తయ్యాక. పదో పదకొండో చదివి మధ్యలో వచ్చిన పిల్లలు అమెరికా చరిత్ర వంటి తప్పనిసరి సబ్జెక్టుల కోసం వెనక్కి వెళ్లి చదవాల్సి వస్తుంది. ఇండియా మార్కుల్ని జీపీఏగా (అమెరికా గ్రేడ్ల సగటుగా) మార్చడంలోనూ నష్టపోతారు. కాబట్టి ఐదు నుంచి ఎనిమిది వరకు ఒక దారి, ఎనిమిది నుంచి పన్నెండు వరకు ఇంకో దారి. రెండింటిలో మొదటిది పిల్లలకు తేలిక. పది పన్నెండేళ్ల వయసులో స్నేహాలు త్వరగా కుదురుతాయి, భాష పట్టుబడుతుంది. 

సీబీఎస్ఈ తొమ్మిదిలో ఒకసారి, పదకొండులో ఒకసారి విద్యార్థుల పేర్లు నమోదు చేసుకుంటుంది. నేరుగా పదిలోనో పన్నెండులోనో చేరడం దాదాపు కుదరదు. కాలేజీకి అమెరికాయే అనుకుంటే అంతర్జాతీయ బోర్డులైన ఐబీ, కేంబ్రిడ్జ్ సుళువు. సీబీఎస్ఈ, ఐసీఎస్ఈలతోనూ పిల్లలు వెళుతూనే ఉన్నారు. అయితే విదేశీ కాలేజీలకు ట్రాన్‌స్క్రిప్టులు, సిఫారసు లేఖలు పంపడం అలవాటున్న కౌన్సెలర్ స్కూల్లో ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. ఆ మనిషి లేని స్కూల్లో పన్నెండో తరగతి పరీక్షల మధ్య ఆ పనంతా మీ నెత్తిన పడుతుంది.

ఇండియాలోనే మెడిసిన్ చదివించాలనుకుంటే ఒక తేదీ గుర్తుంచుకోవాలి: 2021 మార్చి 4. ఆనాటి కేంద్ర హోం శాఖ నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే) కార్డున్న పిల్లలు నీట్, జేఈఈ రాయొచ్చు గానీ, ఎన్నారై సీట్లకూ సూపర్‌న్యూమరరీ (మామూలు సీట్లకు అదనంగా కలిపే) సీట్లకూ మాత్రమే అర్హులు. భారత పౌరులకే కేటాయించిన సీట్లు వాళ్లకు రావు. ఆ తేదీకి ముందే కార్డు తీసుకున్నవాళ్లకు ఇది వర్తించదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి కార్డు మీద జారీ తేదీ ఒకసారి చూసుకోండి. ఆ తేదీ తరవాతి కార్డయితే నాలుగేళ్లు హాస్టల్లో ఉండి కష్టపడి చదివినా చివరికి ఎన్నారై ఫీజు కట్టక తప్పదు.

గల్ఫ్‌లో ఉంటూ ఇండియా పాస్‌పోర్టే ఉన్నవాళ్ల లెక్క వేరు. తెలుగు రాష్ట్రాల్లో లోకల్ సీటుకు ప్రధాన నిబంధన, ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ రాష్ట్రంలోనే చదివి ఉండటం. అంటే తొమ్మిదికల్లా వచ్చేయాలి. ఊటీలోనో కొడైకెనాల్‌లోనో చదివిన ఏళ్లు ఆ లెక్కలోకి రావు.

స్కూల్ ఎంపిక

తెలుగునాట హాస్టల్ అనగానే మనసులో మెదిలేది కార్పొరేట్ రెసిడెన్షియల్. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పది దాకా సాగే దినచర్య, ఆటస్థలం లేని అపార్ట్‌మెంట్ క్యాంపస్, వారం వారం ర్యాంకులు. అమెరికా బడి నుంచి వచ్చిన పిల్లల్ని దయచేసి అందులో వేయకండి. మీరు వెతకాల్సింది పిల్లలు ఉండటానికే కట్టిన స్కూల్. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ ఉంది. తమిళనాడులో 1858 నాటి లవ్‌డేల్ లారెన్స్ స్కూల్, 1901లో మొదలైన కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్, ముస్సోరీలో 1854 నాటి వుడ్‌స్టాక్ ఉన్నాయి. హైదరాబాద్ చుట్టూ హాస్టల్ వసతి ఉన్న ఇంటర్నేషనల్ స్కూళ్లూ ఉన్నాయి. ఒక్కోదాని పద్ధతి ఒక్కోలా ఉంటుంది. ర్యాంకుల పోటీ నచ్చే కుటుంబానికి రిషివ్యాలీ నచ్చదు.

వెబ్‌సైటు చూసి నిర్ణయించుకోకండి. చేర్చాలనుకునే సమయానికి ఏడాది ముందు, స్కూలు నడుస్తున్న రోజుల్లో, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. చాలా పేరున్న స్కూళ్లు దరఖాస్తులు తీసుకునేది కూడా ఏడాది ముందే. వెళ్లినప్పుడు ప్రిన్సిపల్ గది కన్నా డార్మిటరీ, బాత్రూములు, మెస్, సిక్‌రూమ్ ముఖ్యం. రాత్రి పిల్లలతో పాటు అదే అంతస్తులో పడుకునే పెద్దవాళ్లెవరు? నర్సు రాత్రంతా ఉంటుందా? దగ్గర్లోని ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది? సీనియర్లు జూనియర్లు ఒకే గదిలో ఉంటారా? ఫిర్యాదు చేయాలంటే వార్డెన్ కాకుండా ఇంకెవరున్నారు? హాస్టళ్లకు జాతీయ బాలల హక్కుల కమిషన్ 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే చట్టం) కింద పిల్లల రక్షణకు స్కూల్లో ఏ ఏర్పాటు ఉందో రాతపూర్వకంగా అడగండి. ఆ ప్రశ్నకు చిరాకుపడే స్కూల్ వద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు మీ పిల్లలకు నోటికి వచ్చి ఉండాలి.

ఫీజు గురించి అడిగేటప్పుడు మొత్తం ఒక్కటే అడగొద్దు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు వేరే రేటుందా, తిరిగొచ్చే డిపాజిట్ ఎంత, లాండ్రీ, ట్రిప్పులు, వైద్యం, పాకెట్ మనీ దేని కింద వస్తాయి, మధ్యలో మానేస్తే ఏది తిరిగిస్తారు, ఇవన్నీ కాగితం మీద తీసుకోండి.

కాగితాలు

అమెరికా పౌరులైన పిల్లలకు ఓసీఐ ఉంటే స్కూల్లో చేరడానికి స్టూడెంట్ వీసా అక్కర్లేదు, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు ఆఫీసు) దగ్గర నమోదూ అక్కర్లేదు. ఇరవై ఏళ్లు నిండేదాకా పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్త పాస్‌పోర్టు, ఫొటో ఓసీఐ పోర్టల్లో అప్‌లోడ్ చేయాలి. ఇది మరిచిపోయేవాళ్లు చాలామంది.

అసలు చిక్కు పాస్‌పోర్టుతోనే. పదహారేళ్ల లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది. పిల్ల హాస్టల్లో ఉండగా గడువు తీరితే హైదరాబాద్ కాన్సులేట్‌కు తానే రావాలి, తల్లిదండ్రులిద్దరి నోటరీ అనుమతీ ఉండాలి. ఆ అనుమతి రాసే డీఎస్-3053 ఫారం నోటరీ చేయించిన మూడు నెలలే పనికొస్తుంది. ఇంకా రెండేళ్ల గడువున్నా సరే, బయలుదేరేముందే అమెరికాలో కొత్తది తీసుకోండి.

గ్రీన్‌కార్డు పిల్లలైతే ఏడాది దాటి బయట ఉంటే కార్డు ప్రమాదంలో పడుతుంది. అమెరికాలో ఉండగానే ఐ-131 దరఖాస్తు వేసి రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి అనుమతి) తీసుకోవాలి. అది గరిష్ఠంగా రెండేళ్లు చెల్లుతుంది. పద్నాలుగు దాటిన పిల్లలు వేలిముద్రల అపాయింట్‌మెంట్ కూడా అక్కడే పూర్తిచేయాలి. పద్నాలుగేళ్లు నిండినప్పుడు కార్డు మార్పించుకునే ఐ-90 దరఖాస్తు సంగతీ చూసుకోవాలి. అంటే నాలుగేళ్ల బోర్డింగ్ ఆలోచన గ్రీన్‌కార్డు పిల్లలకు సరిపడదు, పౌరసత్వం వచ్చేదాకా ఆగడం మంచిది. కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉన్న పిల్లలకైతే ఐదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలన్న నియమం ఉంది.

అమెరికా బడులు మనవాళ్లడిగే టీసీ ఇవ్వవు. స్కూల్ లెటర్‌హెడ్ మీద చివరి తరగతి, వదిలిన తేదీ రాసిన ఉత్తరం, రెండు మూడేళ్ల రిపోర్టు కార్డులు సీల్డు కవరులో తీసుకోండి. జనన ధ్రువపత్రానికి పుట్టిన రాష్ట్రంలో అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) వేయించండి. లోకల్ గార్డియన్‌కు స్కూల్ వ్యవహారాలు, ఆసుపత్రిలో సంతకాలు అప్పగిస్తూ పవర్ ఆఫ్ అటార్నీ రాస్తే, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇప్పుడు స్కూళ్లు ఆధార్ అడుగుతున్నాయి. ఓసీఐ పిల్లలకు అంతకు ముందు ఏడాదిలో 182 రోజులు ఇండియాలో ఉన్నాకే ఇస్తారు. ఈ విషయం స్కూల్ ఆఫీసుకు మొదటిరోజే చెప్పండి.

భార్యాభర్తల మధ్య విడాకుల కేసు నడుస్తుంటే ఇద్దరి రాతపూర్వక అంగీకారం, అవసరమైతే కోర్టు అనుమతి లేకుండా పిల్లల్ని పంపొద్దు. పిల్లల అపహరణపై హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు. కాబట్టి అవతలివైపువాళ్లు దీన్ని ఎత్తుకుపోవడంగా చూసే ప్రమాదం ఉంది, అమెరికాలో అది నేరం కూడా.

ఆరోగ్యం

టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు పూర్తయ్యాయో చూడండి. కుక్కలు, కోతులు తిరిగే క్యాంపస్ అయితే రేబిస్ ముందస్తు డోసుల గురించి డాక్టరును అడగండి. డెంగీ విషయంలో టీకా మీద ఆధారపడకండి. వానాకాలం, ఆ తరవాతి నెలల్లో దోమతెర, నిండు చేతుల బట్టలే రక్ష. కిటికీలకు జాలీలు ఉన్నాయో లేదో స్కూల్ చూసినప్పుడే గమనించండి.

వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లల విషయంలో చాలా జాగ్రత్త కావాలి. మన మెస్సుల్లో చట్నీ, పులిహోర, పొడులు, వేపుళ్లు అన్నింట్లోనూ పల్లీ ఉంటుంది. ఎపిపెన్ (అలర్జీ తీవ్రమైతే వెంటనే ఇచ్చే ఇంజెక్షన్) ఇండియాలో మందుల షాపుల్లో మామూలుగా దొరకదు. గడువు తేదీలు చూసి కనీసం నాలుగు తీసుకెళ్లి, సిక్‌రూమ్‌లో రెండు, వార్డెన్ దగ్గర రెండు పెట్టించండి. వాడటం వాళ్లకు మీరే చూపించి రండి. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకు) ఆడరాల్ వాడే పిల్లలుంటే, ఆ మందు అక్కడ దొరకదు. ఇండియాలో దొరికే మిథైల్‌ఫెనిడేట్‌కు మారడం కుదురుతుందా అని కనీసం ఆరు నెలల ముందు డాక్టరుతో మాట్లాడండి. మార్చిన మందు ఒంటికి పడిందని తేలాకే ప్రయాణం.

ఇంట్లో చేయించాల్సిన సాధన

బయలుదేరే ముందు ఆరు నెలలు దీనికే కేటాయించండి, ఇక్కడే ఎక్కువమంది అశ్రద్ధ చేస్తారు. క్రోమ్‌బుక్ మీద టైప్ చేసే పిల్లలు మూడు గంటల పరీక్ష పెన్నుతో రాయలేరు. జవాబు తెలిసినా రాసే వేగం లేక మార్కులు పోతాయి, తమకు చదువు రాదని వాళ్లే నమ్మేస్తారు. రోజూ నలభై నిమిషాలు గీతల పుస్తకంలో రాయించండి. చేరబోయే తరగతికి ఒక ఏడాది కింది లెక్కల పుస్తకం ఎన్‌సీఈఆర్‌టీ సైటులో ఉచితంగా దొరుకుతుంది, అది చివరిదాకా చేయించండి. స్థాయి తేడా ఉంటే అప్పుడే బయటపడుతుంది. అవసరమైతే ఒక తరగతి తగ్గించి చేర్చడంలో తప్పులేదు.

తెలంగాణలో 2018 చట్టంతో స్కూళ్లలో తెలుగు తప్పనిసరి. సీబీఎస్ఈ తొమ్మిది, పది తరగతుల్లో తెలుగు అంతగా రాని పిల్లలకు "వెన్నెల" అనే తేలిక వాచకం ఉంది. హిందీ రాకపోతే ఏం చేస్తారో స్కూల్‌ను ముందే అడగండి. తెలుగు మాట్లాడటం వచ్చిన పిల్లలకు కూడా ఒత్తులు, గుణింతాలు చదవడానికి నాలుగైదు నెలలు పడుతుంది.

బకెట్టు, చెంబుతో స్నానం, ఇండియన్ టాయిలెట్, తన బట్టలు తనే మడతపెట్టుకోవడం, కారం తగిలిన కూర తినడం ఇంట్లోనే అలవాటు చేయండి. చిన్న విషయాలే, కానీ మొదటి వారంలో తోటిపిల్లలు ఏడిపించేది వీటి గురించే. సామానులో ప్రిస్క్రిప్షన్‌తో సహా రెండు జతల కళ్లజోళ్లు, మందులు, ఇష్టమైన నాలుగు పుస్తకాలు చాలు. బట్టలు, బూట్లు, పరుపు దుప్పట్లు స్కూల్ లిస్టు ప్రకారం అక్కడే కొనండి. అన్నింటి మీదా పేరు కుట్టించండి, ఇంకు లాండ్రీలో పోతుంది.

మొదటి టర్మ్

ఇద్దరిలో ఒకరైనా పిల్లలతో పాటు వెళ్లి, స్కూల్ మొదలయ్యే ముందు రెండు వారాలు తాతగారింట్లో ఉంచండి. చేర్చాక మొదటి నెల ప్రతి ఆదివారమూ ఇంటికి తీసుకురాకండి. వచ్చిన ప్రతిసారీ దిగులు మళ్లీ మొదటికొస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చాలామంది కుదురుకుంటారు.

గార్డియన్‌గా డెబ్బై దాటిన అమ్మమ్మను పెట్టకండి. ఆవిడ ప్రేమకు లోటుండదు, కానీ రాత్రి రెండింటికి స్కూల్ నుంచి ఫోనొస్తే రెండు మూడు గంటల్లో ఆసుపత్రికి చేరగల పిన్నో బాబాయో కావాలి. దసరా, సంక్రాంతి సెలవులకు ఎవరింటికి, ఎవరొచ్చి తీసుకెళతారో ఏడాది మొత్తానికీ ముందే రాసుకోండి. వేసవి సెలవులకు అమెరికా టికెట్లు సంక్రాంతికల్లా కొనేయండి.

ఫోన్ వేళను స్కూలే నిర్ణయిస్తుంది. ఆదివారం సాయంత్రం ఆరు అంటే వేసవిలో న్యూజెర్సీలో ఉదయం ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. కాలిఫోర్నియావాళ్లకైతే ఐదున్నర, నాలుగున్నర. నవంబర్‌లో, మార్చిలో గడియారం మారే ఆదివారాలు క్యాలెండర్లో గుర్తుపెట్టుకోండి. పిల్ల ఫోన్ దగ్గర నిలబడి ఎదురుచూసే రోజు అదే. మాట్లాడేటప్పుడు "ఏడుస్తున్నావా" అని కాకుండా ఎవరి పక్కన కూర్చున్నావు, నిన్న ఏం ఆడావు అని అడగండి. రెండు నెలలు దాటాక కూడా ఒక్క స్నేహితుడి పేరైనా చెప్పకపోతే, బరువు తగ్గితే, ఫోన్లో అన్నిటికీ "బాగుంది" అని ముక్తసరిగా అంటుంటే, మీరే వెళ్లి చూడండి. వార్డెన్ మాటతో సరిపెట్టుకోవద్దు.

వెనక్కి తీసుకురావాల్సి వస్తే

ఈ మాట వెళ్లేముందే పిల్లలతో చెప్పండి: ఒక టర్మ్ మనస్ఫూర్తిగా ప్రయత్నిద్దాం, ఆ తరవాత కూడా నీకు కష్టంగా ఉంటే తిరిగి వచ్చేయొచ్చు. చెప్పినట్టే చేయండి. ఫీజు పోయిందని ఏడాది లాగకండి. అమెరికాలో మీ ఇంటి చిరునామా ఉన్న జిల్లా పబ్లిక్ స్కూల్ ఏ నెలలోనైనా చేర్చుకుంటుంది. వచ్చేటప్పుడు టీసీ, ప్రతి టర్మ్ మార్కుల పత్రం, సబ్జెక్టుల సిలబస్ కాపీ, అక్కడ వేసిన టీకాల వివరం తేదీలతో సహా తెచ్చుకోండి. బీసీజీ (టీబీ టీకా) వేయించి ఉంటే ఆ సంగతి స్కూల్ నర్సుకు చెప్పి, టీబీకి చర్మపరీక్ష బదులు ఐజీఆర్ఏ రక్తపరీక్ష అడగండి. బీసీజీ వల్ల చర్మపరీక్ష ఊరికే పాజిటివ్ చూపించవచ్చు.