డెంగ్యూ జ్వరం: ముందు రోజు లెక్క, తర్వాత పీసీవీ లెక్క

జ్వరం తగిలిన తేదీ, వేళ ముందు ఒక కాగితం మీద రాసిపెట్టండి. అదే మొదటి రోజు. ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలో, ఏ రోజుల్లో కనిపెట్టుకుని ఉండాలో ఆ లెక్కే చెబుతుంది. డాక్టరు ఎన్నాళ్లయిందని అడిగితే "మొన్నట్నుంచండీ" అంటే చాలదు. సోమవారం సాయంత్రం 6 గంటలకు వణుకుతో మొదలైంది అని చెప్పాలి.

మొదటి 5 రోజుల్లో వైరస్ ప్రోటీన్‌ను పట్టే ఎన్‌ఎస్‌1 పరీక్ష, ఆ తర్వాతైతే ఒంట్లో పుట్టే యాంటీబాడీలను చూసే ఐజీఎం. రెండో రోజునే ఐజీఎం ఒక్కటీ చేయించి, నెగటివ్ వచ్చింది కదా అని ఊరుకోవడం తరచూ జరిగే పొరపాటు. అప్పటికి ఒంట్లో ఆ యాంటీబాడీలు తయారై ఉండవు. ఇక ఐజీఎం పుట్టాక రెండు మూడు నెలలు రక్తంలో ఉండిపోతుంది, కాబట్టి పాజిటివ్ వచ్చినా అది ఈ జ్వరానిదే అని ఖాయం చేయలేం. అప్పటికప్పుడు చేసే స్ట్రిప్పు పరీక్ష కన్నా ల్యాబులో చేసే ఎలైజా పరీక్ష నమ్మదగ్గది.

ఈమధ్య మలేరియా ఎక్కువుండే అరకు, పాడేరు వైపు వెళ్లొచ్చారా? అయితే మలేరియా పరీక్ష అదే రోజు చేయించండి. ఫాల్సిపారం రకం ఒక్క రోజులో మనిషిని కుదేలు చేస్తుంది. మొదటి స్లైడు నెగటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్లీ తీయించాలి. చంకలు, గజ్జలు, నడుం మడతల్లో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉందేమో చూడండి. ఉంటే నల్లి లాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు, దాని మందు వేరు.

అందరి చూపూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటుంది. కానీ డెంగ్యూలో ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోవడం. అది రిపోర్టులో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా, శాతంలో; కొన్ని ల్యాబుల్లో హెచ్‌సీటీ అని ఉంటుంది) దగ్గర తెలుస్తుంది. నీరు పోతే రక్తం చిక్కబడి ఆ అంకె పెరుగుతుంది. రెండో రోజున 38 ఉన్నది ఐదో రోజుకు 46 అయిందనుకోండి. పెరిగింది 8, అంటే 38లో 21 శాతం. 20 శాతం దాటితే నీరు గట్టిగా కారుతున్నట్టే. అందుకే మొదటి మూడు రోజుల్లోనే ఒక సీబీసీ (పీసీవీ, ప్లేట్‌లెట్లు చూపే రక్తకణాల పరీక్ష) చేయించి, రోజూ అదే ల్యాబులో చూపించండి. సెలైన్ ఎక్కాక పీసీవీ తగ్గుతుంది, కాబట్టి ఎక్కించిన వేళ కూడా పక్కనే రాయండి. సెలైన్ లేకుండానే పీసీవీ పడిపోతూ నాడి వేగంగా కొట్టుకుంటుంటే లోపల రక్తస్రావం అయి ఉండొచ్చు.

ప్లేట్‌లెట్లు ఉన్నట్టుండి బాగా తక్కువ చూపిస్తే స్మియర్ (గాజుపలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) అడగండి. ట్యూబులో అవి గుంపు కట్టినా మెషిన్ తక్కువగా లెక్కిస్తుంది. రక్తస్రావం లేనప్పుడు అంకె తగ్గిందన్న భయంతోనే ప్లేట్‌లెట్లు ఎక్కించమని డాక్టరును ఒత్తిడి చేయకండి.

జ్వరం దిగగానే గండం గడిచిందనుకుంటారు. అసలు జాగ్రత్త అప్పుడే కావాలి! సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగాక 24 నుంచి 48 గంటలే గడ్డుకాలం. ఆ వేళ కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత లేదా చిరాకు, చల్లబడిన చేతులు, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డెంగ్యూ వర్గీకరణను మార్చినప్పుడు ఇలాంటి హెచ్చరిక లక్షణాలకే పెద్దపీట వేసింది. బీపీ 100/84 ఉంటే పై అంకె చూసి నిబ్బరపడకండి. రెండింటి తేడా 20 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే షాక్‌లోకి వెళ్తున్నట్టే.

ఇంట్లో ఇచ్చే మందు పారాసిటమాల్ ఒక్కటే, కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. లీటరు నీళ్లకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. బొప్పాయి ఆకు రసం తాగించి వాంతులు తెప్పిస్తే ఉన్న నీరూ పోతుంది.

ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకోండి. పైన ఉండాల్సింది మొదటి సీబీసీ. అది లేకపోతే ఇప్పటి 46 ఎక్కువో కాదో డాక్టరు ఊహించాల్సి వస్తుంది.