ఫ్రాన్స్ పల్లెపట్టణంలో స్థిరపడే ముందు

ఫ్రాన్స్ గ్రామీణ ప్రాంతంలో ఇల్లు కొనదలచిన విదేశీయులు చాలామంది ఊరిని జూలైలో చూసి మనసు పడతారు. అయితే ఊరి అసలు స్వరూపం తెలియాలంటే జనవరిలో, అదీ వారం మధ్యలో, వెళ్లాలి. దోర్దోన్య్ జిల్లాలోని సర్లా వంటి పర్యాటక పట్టణాల్లో వేసవిలో కిటకిటలాడే వీధులు చలికాలంలో బోసిపోతాయి. రొట్టెల దుకాణం, మందుల దుకాణం, వారపు సంత, బడి ఏడాది పొడవునా నడుస్తుంటే ఆ ఊరికి ప్రాణం ఉన్నట్టే.

అన్నిటికన్నా ముఖ్యమైనది వైద్యం. ప్రభుత్వ ఆరోగ్య బీమా నుంచి వైద్య ఖర్చును కోత లేకుండా సాధారణ రేటులో తిరిగి పొందాలంటే ఒక వైద్యుణ్ణి తమ ప్రధాన వైద్యుడిగా నమోదు చేసుకోవాలి. కానీ క్రూజ్ వంటి జిల్లాల్లో వైద్యుల కొరత తీవ్రంగా ఉన్నందున, కొత్త రోగులను చేర్చుకునేవారు దగ్గరలో ఉన్నారో లేదో ఇంటి బేరానికి ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. లోత్ జిల్లాలోని ఫిజాక్ వంటి, ఆసుపత్రీ రైల్వే స్టేషనూ రెండూ ఉన్న చిన్న పట్టణం, నా దృష్టిలో, అందమైన ఒంటరి పల్లె కంటే మేలు. నివాస అనుమతి పనులు ప్రెఫెక్చూర్ (జిల్లాలోని ప్రభుత్వ పాలనా కార్యాలయం) పరిధిలోవి కనుక జిల్లా కేంద్రానికి దూరాన్నీ లెక్క వేసుకోవాలి.

ఇంటి చిరునామాను ప్రభుత్వ జియోరిస్క్ సైటులో ఇస్తే వరద ముప్పు, బంకమట్టి కుంగే ముప్పు తెలుస్తాయి. ప్రాథమిక కొనుగోలు ఒప్పందంపై సంతకం చేశాక వెనక్కి తగ్గడానికి 10 రోజుల గడువు ఉంటుంది. అయినా ముందుగా ఒక చలికాలం అద్దెకు ఉండి చూడడమే మంచిది.