కార్బైడ్ బర్ పాఠాలు – 4: పళ్లు ఎందుకు ఊడాయి, షాంక్ ఎందుకు వంగింది

కార్బైడ్ బర్ అంటే మెషిన్‌కి బిగించి తిప్పుతూ లోహాన్ని కోసే, పళ్లున్న గట్టి తల. మెషిన్‌లో బిగించే దాని కాడే షాంక్. పోయినసారి ఇచ్చిన పని చిన్నదే. 6 మి.మీ. ఎంఎస్ (మామూలు స్టీలు) ప్లేటు అంచుకి ఒక మిల్లీమీటరు చాంఫర్, అంటే ఏటవాలు కోత, అల్యూమినియం ముక్కలో డ్రిల్ వేసిన రంధ్రానికి డీబరింగ్, అంటే అంచున మిగిలిన ముళ్లు తీయడం. మీరు పంపిన ఫోటోలు చూశాక ఈసారికి అనుకున్న వెల్డ్ పాఠం ఆపేశాను. పళ్లు ఊడిన బర్లు, అల్యూమినియం పట్టేసి నున్నగా అయిపోయినవి, షాంకే వంగిపోయినది ఒకటి. ఇది తేల్చకుండా ముందుకెళితే కొత్తవి కొంటారు, అవీ ఇలాగే పోతాయి.

చాలామంది రాసింది ఒకటే మాట, "షాపువాడు డూప్లికేట్ అంటగట్టాడు" అని. కావచ్చు. కానీ ముందు బర్ తలని కిరోసిన్‌లో కడిగి, మంచి వెలుతురులో భూతద్దం పెట్టి చూడండి. పళ్ల కొసలు అక్కడక్కడా చిన్న చిన్న పెంకుల్లా ఎగిరిపోయి, మిగతా పళ్లు పదునుగానే ఉంటే అది వాడిన తీరు వల్లే. అన్ని పళ్ల కొసలూ ఒకేలా గుండ్రంగా అరిగి మెరుస్తుంటే బర్ ఆయుష్షు తీరింది, లేదా ఆ పనికి మించిన స్పీడులో తిప్పారు. తల, షాంక్ కలిసే చోట నీలం రంగు తేలిందంటే స్టీలు దాదాపు 300 డిగ్రీల వరకు వేడెక్కిందని అర్థం. చాలా బర్లలో తలని షాంక్‌కి బ్రేజింగ్‌తో అతికిస్తారు, ఇంకా వేడెక్కనిస్తే ఆ అతుకు మెత్తబడి తిరుగుతున్న తల ఊడి ఎగురుతుంది. నీలం కనిపించిన బర్‌ని నేనైతే మళ్లీ బిగించను.

అల్యూమినియం సంగతి త్వరగా చెప్పేస్తాను. మీ దగ్గరున్నది డబుల్ కట్, అంటే అడ్డంగా కూడా గాట్లున్న సన్న పళ్లది. స్టీలుకి అదే మంచిది, రజను పొట్టిగా రాలుతుంది, బర్ చేతిలో ఎగరదు. అల్యూమినియంకి మాత్రం పళ్లు తక్కువగా, గాళ్లు (పళ్ల మధ్య సందులు) వెడల్పుగా ఉన్న బర్ కావాలి, షాపులో "అల్యూమినియం కట్" అంటే ఇస్తారు. అది దొరికేదాకా తల తిరుగుతుండగా కొవ్వొత్తికి ఒకసారి తాకించి పని చేయండి, గాళ్లలో మైనం ఉంటే లోహం అంత తొందరగా అతుక్కోదు. ఇప్పటికే పూడిపోయినదాన్ని ఇత్తడి వైరు బ్రష్‌తో గీకండి. కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తే అల్యూమినియం కరిగిపోయి కార్బైడ్ మిగులుతుంది కానీ హైడ్రోజన్ పుడుతుంది, కాబట్టి ఆరుబయట, దగ్గర్లో మంట లేకుండా, కళ్లద్దాలూ రబ్బరు గ్లవ్స్ వేసుకుని, సోడానే నీళ్లలో కొంచెంకొంచెంగా వేస్తూ చేయాలి. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు, బ్రష్ చాలు.

పళ్లు ఎగిరిపోయిన ఫోటోల్లో ఎక్కువ భాగం డ్రిల్లింగ్ మెషిన్‌కి బిగించి వాడినవి. కార్బైడ్ బాగా గట్టిది, అంతే పెళుసు. 12 మి.మీ. తలని 2,800 ఆర్‌పీఎంలో తిప్పితే అంచు వేగం నిమిషానికి దాదాపు 105 మీటర్లు (వ్యాసం మీటర్లలో, ఇంటూ 3.14, ఇంటూ ఆర్‌పీఎం). మామూలు స్టీలుకి కావలసింది సుమారు 450 నుంచి 600. స్పీడు చాలక ఒక్కో పన్ను పెద్ద ముక్క కొరకబోయి ఆగుతుంది, తల ఎగిరెగిరి అంచుని కొడుతుంది, కోయడం లేదని మీరు ఇంకా నొక్కుతారు, పన్ను పోతుంది. అదే లెక్కలో 12 మి.మీ. తలకి 12,000 నుంచి 16,000 ఆర్‌పీఎం, 6 మి.మీ. తలకి 24,000 నుంచి 32,000 వస్తుంది. అందుకే 25,000 ఒక్కటే స్పీడున్న డై గ్రైండర్ (బర్ తిప్పే చేతి మెషిన్) కొన్నవాళ్లకి మొదటి బర్‌గా 6 మి.మీ. తలదే చెప్తాను. ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) అయితే ఇందులో సగం స్పీడుతో మొదలుపెట్టండి. యాంగిల్ గ్రైండర్‌కి డ్రిల్ చక్ తగిలించి వాడొచ్చా అని అడిగారు. వద్దు. ఆ చక్ 11,000 ఆర్‌పీఎం కోసం చేసింది కాదు.

ఇక వంగిన షాంక్. ఇది చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే ఇది బర్ పోవడంతో ఆగదు. పైపు లోపలికి అందడం లేదని షాంక్‌ని కాలెట్ (మెషిన్‌లో షాంక్‌ని పట్టుకునే బిగింపు) లోంచి బయటికి లాగి, కొసన కొంచెం మాత్రం పట్టించి తిప్పారు. ఒక కొస బిగించిన కడ్డీ ఎంత పొడవు బయటికుంటే అంత వంగుతుంది అనుకోకండి, పొడవు రెట్టింపైతే అదే బలానికి వంపు ఎనిమిది రెట్లు. 10 మి.మీ. బయటికున్నది 30 మి.మీ. అయితే 27 రెట్లు. పైగా తల కాస్త పక్కకి ఒరగగానే తిరిగే వేగం దాన్ని ఇంకా బయటికి లాగుతుంది, స్పీడు రెట్టింపైతే ఆ లాగుడు నాలుగు రెట్లు. అంటే ఒరిగిన కొద్దీ ఇంకా ఒరుగుతుంది, మీరు స్విచ్ మీదికి వేలు తెచ్చేలోపే అయిపోతుంది. డబ్బా మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం పొట్టిగా బిగించిన బర్‌కి, ఇలా లాగినదానికి కాదు. షాంక్‌లో కనీసం మూడింట రెండు వంతులు కాలెట్ లోపల ఉండాలి, బయట 10 మి.మీ. దాటకూడదు. లోపలికి అందాలంటే లాంగ్ షాంక్ బర్ కొనండి, దాని డబ్బా మీద రాసిన తక్కువ స్పీడులోనే తిప్పండి, తలని రంధ్రంలో పెట్టి పనికి ఆనించాకే స్విచ్ వేయండి, గాలిలో తిప్పొద్దు. ఇంకొకటి, పావు అంగుళం కాలెట్ అంటే 6.35 మి.మీ. అందులో 6 మి.మీ. షాంక్ బిగుసుకున్నట్టే ఉంటుంది, కానీ మధ్యలో కూర్చోదు. కాలెట్ మీద రాసిన సైజు చదవండి, బిగించాక చేత్తో ఒక చుట్టు తిప్పి తల ఊగుతోందేమో చూడండి.

చెయ్యి ఎటు నడపాలి అన్నది పోయినసారి వదిలేశాను. బర్ కొస మీ నుంచి అవతలికి చూస్తూ, పని ముక్క దాని కింద ఉంటే తల కుడివైపు పరుగెత్తాలని చూస్తుంది. కాబట్టి మీరు కుడి నుంచి ఎడమకి లాగండి, చెయ్యి అదుపులో ఉంటుంది.

ఈసారి పని కష్టమే. 6 మి.మీ. ఎంఎస్ ప్లేటులో 12 మి.మీ. సెంటర్ దూరంలో రెండు 10 మి.మీ. రంధ్రాలు వేయండి, మధ్యలో 2 మి.మీ. గోడ మిగులుతుంది. 6 మి.మీ. సిలిండర్ బర్‌తో, తల చుట్టుకొలతలో మూడో వంతు కంటే ఎక్కువ లోహంలో దిగకుండా, ఆ గోడ తీసేసి రెంటినీ ఒక స్లాట్ చేయండి. 10 మి.మీ. రాడ్ ఈ కొస నుంచి ఆ కొసకి పట్టకుండా జారాలి, పక్కలకి లొడలొడలాడకూడదు. పట్టే చోట గోడకి మార్కర్ పూసి రాడ్ మళ్లీ తోయండి, మార్కర్ చెరిగిన చోట మాత్రమే, అదీ ఒక్కసారి తాకించి తీయండి. ముఖానికి షీల్డ్, దాని కింద కళ్లద్దాలు, రెండూ ఉండాలి.