గ్రూపు చర్చ గోలగా మారకుండా

40 మంది ఉన్న క్లాసులో గ్రూపులు చేయడానికి బెంచీలు జరపక్కర్లేదు. 1, 3, 5 వరుసల పిల్లల్ని వెనక్కి తిరిగి కూర్చోమంటే చాలు, నలుగురు నుంచి ఆరుగురితో గ్రూపులు తయారు. ఆరు దాటితే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు కిటికీలోంచి చూస్తారు.

అసలు కిటుకు ప్రశ్నలో ఉంది. ‘మామిడి సాగు గురించి చర్చించండి’ అంటే ఎవరూ నోరు విప్పరు. ‘తోతాపురి ధర పడిపోయింది. కాయల్ని గుజ్జు ఫ్యాక్టరీకి ఇప్పుడే తోలాలా, వారం ఆగాలా? రెండు కారణాలు రాయండి’ అనండి. చిత్తూరు వైపు చాలామంది పిల్లలు ఇంట్లో వినే గొడవే, వెంటనే అందుకుంటారు. ప్రశ్నని బోర్డు మీద రాయాలి, నోటితో చెబితే నిలవదు.

ముందు 2 నిమిషాలు ఎవరికి వాళ్లు నోట్సులో రాసుకోవాలి. ఇది వదిలేస్తే గట్టిగా అరిచేవాడి మాటే గ్రూపు మాటవుతుంది. తర్వాత 8 నిమిషాలు చర్చ, గ్రూపుకి ఒకే కాగితం. మీరు తిరుగుతూ వినండి, జవాబు మాత్రం అందించకండి. టీచరు నోరు తెరిస్తే చర్చ అక్కడితో సరి.

చివర్లో ఎవరు చెప్పాలో అప్పటికప్పుడు మీరే చూపించండి. ముందే లీడరుని పెడితే మిగతావాళ్లకి సెలవే. రెండో గ్రూపు నుంచి, ముందువాళ్లు చెప్పనిదే చెప్పమనండి, లేకపోతే చెప్పిందే చెబుతుండగా పీరియడు బెల్లు కొట్టేస్తారు.