మీ ఊరి ఎండు నెలలు లెక్కపెట్టండి, అక్కడి చెట్ల సంగతి తెలుస్తుంది

ఏ చెట్టు ఎక్కడ పెరుగుతుందో తెలుసుకోవాలంటే చాలామంది ఏడాది మొత్తం వర్షపాతం చూసి వదిలేస్తారు. అది చాలదు. ఆ వాన ఎన్ని నెలల్లో పడింది, మిగతా నెలల్లో ఎండ ఎంత అన్నదే అసలు లెక్క. దీనికి హైన్రిచ్ వాల్టర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన గ్రాఫ్ ఒకటుంది, పది నిమిషాల పని.

ముందు వాతావరణ శాఖ ఇచ్చే 30 ఏళ్ల సగటులు తీసుకోండి, నెలవారీ ఉష్ణోగ్రత, నెలవారీ వాన. ఒక్క ఏడాది లెక్క పట్టుకోవద్దు, ఆ ఏడాది తుఫాను వచ్చి ఉంటే అక్టోబరు మొత్తం తారుమారవుతుంది. పగటి గరిష్ఠం, రాత్రి కనిష్ఠం వేరువేరుగా ఉంటే కూడి రెండుతో భాగించండి. గ్రాఫ్ కాగితం మీద అడుగున పన్నెండు నెలలు, ఎడమ పక్క డిగ్రీలు, కుడి పక్క మిల్లీమీటర్లు వేసుకోండి. 10 డిగ్రీలు ఎంత ఎత్తులో ఉంటే 20 మిల్లీమీటర్లూ అంతే ఎత్తులో ఉండాలి, కిటుకంతా ఇక్కడే ఉంది. ఉష్ణోగ్రతకో గీత, వానకో గీత గీయండి. వాన గీత ఉష్ణోగ్రత గీతకి కిందికి పోయిన ప్రతి నెలా ఎండు నెల. అంటే జనవరి సగటు 22 డిగ్రీలైతే 44 మిల్లీమీటర్ల వాన సరిపోతుంది, మే సగటు 33 అయితే 66 కావాలి.

ఇప్పుడు చూడండి. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే, అందులోనూ బాగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే, కాబట్టి ముళ్లూ చిన్న ఆకులూ ఉన్న తుమ్మ జాతులదే రాజ్యం. ఆదిలాబాద్‌లో దానికి దాదాపు రెట్టింపు పడుతుంది, కానీ దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే, అందుకే అన్ని నీళ్లు తాగిన టేకు కూడా వేసవికి ఆకులు రాల్చేసి మోడులా నిలబడుతుంది. అరకు సంగతి ఇంకా బాగుంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైన చల్లబడుతుంది, ఉష్ణోగ్రత గీత కిందికి దిగిపోతుంది, అదే వాన ఎక్కువ నెలలకి సరిపోతుంది. విశాఖ తీరాన కుదరని అరబికా కాఫీ కొండ మీద నీడ చెట్ల కింద హాయిగా కాస్తుంది.

అన్నీ ఈ గ్రాఫ్‌కి లొంగవు లెండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, అలాంటి వానా ఎండా ఉన్న చోట్లు వేరే ఉన్నా సరే. కోరంగి మడ అడవిని ఉప్పునీళ్లూ ఆటుపోట్లూ లేకుండా వివరించలేం. సర్కారు తుమ్మ అయితే మనుషులే అమెరికా ఖండాల నుంచి తెచ్చి నాటింది.

గ్రాఫ్ అయ్యాక ఏప్రిల్‌లో దగ్గరి అడవికి వెళ్లి ఏవి మోడుబారాయో, ఏవి పచ్చగా ఉన్నాయో రాసుకోండి. రోడ్డు పక్క నాటినవీ బోరు నీళ్లు తాగేవీ లెక్కలోకి తీసుకోకండి, వాగు ఒడ్డున ఉండే మద్దిని విడిగా రాయండి, దానికి నీళ్లు వానగా పైనుంచి మాత్రమే రావు.